ఖాళీగా వచ్చిన కంచు గిన్నె

అనగనగా ఒక ఏరు. దాని పేరు వెన్నేరు. ఆ ఏటికి రెండు గట్లు, రెండు గట్ల మీదా రెండు రాజ్యాలు. ఈ గట్టు వాళ్ళు తమది ఈవలిగట్టు అనీ, ఎదుటివాళ్ళది ఆవలిగట్టు అనీ చెప్పుకునేవాళ్ళు. అవతలికి వెళ్ళి అడిగితే వాళ్ళూ అదే మాట అనేవాళ్ళు. ఎవరి మాట నిజమో ఏటికి తెలుసు గానీ, ఏరు ఎప్పుడైనా నోరు విప్పిందా! మన కథ మొదలైన గట్టునే మనం ఈవలిగట్టు అనుకుందాం.

ఈవలిగట్టులో ఏడేళ్ళుగా యుద్ధం లేదు. రోజులు నెమ్మదిగా నడిచేవి. పొద్దున్నే ఏటి మీద మంచు పరుచుకునేది, ఎండెక్కాక తీరిగ్గా లేచి వెళ్ళేది. సేనాపతి పెరట్లో పొట్లపాదు పెట్టుకుని, కాయలు వంకర తిరగకుండా చివర రాళ్ళు కట్టుకుంటూ ఉండేవాడు. మంత్రి రోజంతా గాలం వేసి, పడిన చేపను బుజ్జగించి మళ్ళీ నీళ్ళలోకే వదిలేవాడు. జనం చద్దిమూటలు కట్టుకుని ఏటి నడుమ ఉన్న లంకలోకి వెళ్ళి, ఇసుకలో కూర్చుని తిని, అక్కడే ఒక కునుకు తీసి ఇళ్ళకు వచ్చేవాళ్ళు.

రాజుగారికి మాత్రం ఏమీ తోచేది కాదు. ఆయన పేరు రణకేసరి. పేరేమో అంతటిది, పనేమో మేడ మీద కూర్చుని ఆవలించడం. ఒక మాఘమాసపు సాయంత్రం ఆయన చూపు ఏటి నడుమ లంక మీద పడింది.

"ఆ లంక ఎవరిది?" అని అడిగాడు.

"ఎవరిదీ కాదు మహారాజా. రెండు గట్ల వాళ్ళూ వెళ్ళి చద్దన్నం తినే చోటు," అన్నాడు మంత్రి.

"ఎవరిదీ కాకపోవడం ఏమిటి? మనది! ఆవలిగట్టు వాళ్ళు అడుగు పెట్టడానికి వీల్లేదు. ఏట్లో నీళ్ళు మోకాటి లోతుకు దిగాయి, దండును సిద్ధం చెయ్యండి!"

కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే మరి.

ఆ మాట మెట్లు దిగి, వసారాలు దాటి, వంటశాలకు చేరింది. అక్కడ పెద్ద వంటమనిషి పేరిందేవి పప్పు ఎనుపుతోంది. ఆమె చేతిలో పప్పుగుత్తి ఆగిపోయింది.

పోయిన యుద్ధానికి పేరిందేవి తమ్ముళ్ళు ముగ్గురు వెళ్ళారు. తిరిగి వచ్చింది తిమ్మన్న ఒక్కడే. వచ్చాక నాలుగేళ్ళు వాడు ఎవరితోనూ మాట్లాడలేదు. ఈ మధ్యనే చెక్కబొమ్మలు చెక్కుతూ, చెక్కుతూ కూనిరాగం తీస్తున్నాడు. ఆ రాగం వినబడిన రోజున పేరిందేవి పొయ్యి దగ్గర కూర్చుని కరువుతీరా ఏడ్చింది. దండు కదిలితే మొదటి వరుసలో నడవాల్సింది మళ్ళీ వాడే.

వానాకాలం వస్తే ఏరు పొంగుతుంది. ఏరు పొంగితే దండు దాటలేదు. మాఘం నుంచి తొలకరి దాకా నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలు ఎలాగైనా గడపాలి అనుకుంది పేరిందేవి. చెయ్యి కడుక్కుని, అటక మీది జాడీ ఒకటి దింపి, తిన్నగా సభకు వెళ్ళింది.

"మహారాజా, యుద్ధానికి ముందు ఒక చిన్న మాట. ఈ జాడీ ఆవలిగట్టు వాళ్ళది. కార్తీకంలో ఉసిరికాయ పచ్చడి పెట్టి పంపారు. తిరిగి పంపడం నేను మరిచిపోయాను, తప్పు నాదే. ఇప్పుడు మనం కత్తి పట్టుకుని వెళితే, జాడీ ఎగ్గొట్టడానికే యుద్ధానికి వచ్చారని వాళ్ళు అనరూ?"

రణకేసరి ముఖం కందగడ్డ అయింది. "ఛీ ఛీ! ఇప్పుడే పంపించెయ్యి!"

"చిత్తం. కానీ పొరుగింటి గిన్నె ఖాళీగా పంపకూడదు కదా మహారాజా. మీ అమ్మగారు ఉండగా ఏనాడూ అలా జరగలేదు."

అమ్మ మాట ఎత్తేసరికి రాజు మెత్తబడ్డాడు. "సరే, ఏదో ఒకటి నింపు. ఏం పెడతావు?"

"చల్ల మిరపకాయలు," అంది పేరిందేవి.

ఆమె కావాలనే ఆ వంటకం ఎంచుకుంది. మిరపకాయలకు గాటు పెట్టి, పుల్లమజ్జిగలో ఉప్పు వేసి మూడు రోజులు నానబెట్టాలి. ఆ మీదట పగలు ఎండలో, సాయంత్రం మళ్ళీ మజ్జిగలో. మజ్జిగంతా పీల్చుకున్నాక గలగలలాడే దాకా ఎండాలి. నాలుగో రోజునే రాజు ఓర్పు నశించి మేడ మీదికి వచ్చాడు.

"ఇంకా ఎన్నాళ్ళు?"

"కాకులు ఊరుకుంటేనా మహారాజా! ఎవరైనా కాపలా ఉంటే తొందరగా అవుతాయి."

అలా రణకేసరి కత్తి దూసి కాకుల మీద దండెత్తాడు. మొదటి రోజు అరిచాడు. రెండో రోజు అదిలించాడు. మూడో రోజు స్తంభానికి చేరగిలబడి, ఎండలో మిరపకాయలు తెల్లబడడం చూస్తూ కూర్చున్నాడు. మజ్జిగ వాసన, ఎండ వాసన, దూరంగా ఏటి గలగల. ఆ మధ్యాహ్నం ఆయన కలలో గుర్రాలు రాలేదు. చిన్నప్పుడు అమ్మ ఇదే మేడ మీద వడియాలు పెడుతుంటే పిండి దొంగిలించి తిన్న రోజు వచ్చింది.

మిరపకాయలు జాడీలో నింపితే ఇంకా మిగిలాయి. పేరిందేవి వాటిని ఒక కంచు గిన్నెలో పోసి, అది కూడా పడవ ఎక్కించింది. పడవ నడి ఏట్లోకి వెళ్ళాక రాజు ఉలిక్కిపడ్డాడు.

"అది మా అమ్మ గిన్నె! నేను పాలన్నం తిన్న గిన్నె!"

"అయ్యో, కంగారులో చూసుకోలేదు," అంది పేరిందేవి అమాయకంగా. "అది తిరిగొచ్చే దాకా యుద్ధం వద్దు మహారాజా. గొడవల్లో ఏమైనా అయితే మళ్ళీ దొరకదు."

రాజు గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. రోజూ సాయంత్రం మరమరాలు ఒళ్ళో పోసుకుని, రేవులో గిన్నె కోసం ఎదురుచూసేవాడు. మంత్రి పక్కనే గాలం వేసుకుని కూర్చునేవాడు. పదిహేనో రోజున గిన్నె వచ్చింది. అంచుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. నిండా గుమ్మడి వడియాలు. గిన్నెలో పట్టనివి ఒక వెదురు బుట్టలో వచ్చాయి. బుట్టలో ఒక తాటాకు కమ్మ కూడా ఉంది. రాజు చదివాడు.

"మిరపకాయలు అమృతంలా ఉన్నాయి. ఈ వడియాలు మా అమ్మ పెట్టింది. కాకులకు కాపలా నేను ఉన్నాను. తప్పులుంటే మన్నించాలి. ఇట్లు, మీ ఎదుటి గట్టు ఏలిక కుముదసేనుడు."

రణకేసరి పకపకా నవ్వాడు. ఆయన నవ్వు విని చాలా కాలమైందేమో, సేనాపతి పొట్లపాదు వదిలి పరుగెత్తుకు వచ్చాడు.

పేరిందేవి మాత్రం ఆ బుట్ట వైపే చూస్తూ నిలబడింది. గిన్నె వెనక్కి ఇస్తూ బుట్ట ఇక్కడ వదిలారు. అంటే ఇప్పుడు బుట్ట తిరిగి పంపాలి, అదీ ఖాళీగా కాదు. 'ఆహా! ఆ గట్టున కూడా నాలాంటి మనిషే ఉంది. వాళ్ళ రాజుగారి తల్లే అయి ఉంటుంది,' అనుకుంది. ముఖమైనా చూడని ఆ ముసలమ్మ మీద ఆమెకు సొంత అక్క మీద ఉన్నంత ప్రేమ పుట్టింది.

మామిడికాయల కాలం వచ్చింది. ఈసారి మాగాయ. ముక్కలు తరగాలి, ఉప్పులో ఊరాలి, ఎండాలి, ఊటలో మళ్ళీ పడాలి. రాజు ఎవరూ అడగకుండానే కత్తిపీట ముందు వేసుకుని కూర్చున్నాడు. మొదటి కాయకే వేలు కోసుకున్నాడు.

"రణరంగంలో తగలని గాయం వంటింట్లో తగిలింది!" అని మంత్రి వేళాకోళం చేశాడు.

ముక్కలు ఊరే రోజుల్లో రాజు పెరుగన్నం మూట కట్టించుకుని లంకకు వెళ్ళి వచ్చాడు. అక్కడ ఆవలిగట్టు కుటుంబం ఒకటి ఆయన్ని పోల్చుకోలేక, విస్తరిలో ఇంత పులిహోర పెట్టింది. ఆయన తిన్నాడు. లంక మనది అని మాత్రం ఆ పూట అనలేదు. మాగాయను కంచు గిన్నెలో పెట్టి, బుట్టలో దించి, తానే రేవుకు మోసుకెళ్ళి పంపించాడు.

జ్యేష్ఠం వచ్చింది. పడమట మబ్బులు పేరుకుంటున్నాయి. ఇంకో నాలుగు రోజుల్లో తొలకరి. గండం గడిచినట్టే అని పేరిందేవి ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు తెల్లవారుతూనే కంచు గిన్నె వచ్చింది. ఖాళీగా వచ్చింది.

కమ్మ లేదు. కబురు లేదు. తెచ్చిన పడవవాడు దాన్ని రేవు మెట్టు మీద పెట్టి, తలెత్తకుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

రణకేసరి గిన్నెను తిరగేసి చూశాడు. తన చేత్తో తరిగిన మాగాయ! తన తల్లి గిన్నె! నెలల తరబడి పెంచుకున్న ఇష్టమంతా ఒక్కసారిగా విషమైపోయింది.

"నన్ను ఎగతాళి చేస్తాడా! దండు కదలాలి. వానలు పడకముందే, ఈరోజే ఏరు దాటాలి. దండుకు అన్నం వండించండి!"

పేరిందేవి గుండిగల్లో అన్నం ఉడికించింది, పప్పు ఉడికించింది, చారు కాచింది. కన్నీళ్ళు పొయ్యి పొగ వల్లేనని చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పింది. తిమ్మన్న బల్లెం పట్టుకుని వంటశాల గుమ్మం ముందు ఆగాడు.

"అక్కా, వెళ్ళొస్తా."

ఆమె వాడి వెనకే రేవుకు నడిచింది. దండు బారులు తీరి ఉంది. గిన్నె ఇంకా మెట్టు మీదే పడి ఉంది. అలవాటు కొద్దీ దాన్ని చేతిలోకి తీసుకుంది. ఒకసారి గిన్నెను చూసింది. తల ఎత్తి అవతలి గట్టును చూసింది. ఏటి దిగువకు చూసింది. నగారా మోగించడానికి చెయ్యెత్తిన వాడికి అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"వంటింటి మాటలు ఇక్కడ వద్దు పేరిందేవీ!" అని గర్జించాడు రాజు.

"ఇది వంటింటి మాటే మహారాజా, వినక తప్పదు. ఈ గిన్నె చూడండి. బూడిద పెట్టి అద్దంలా తోమారు. ఎగతాళి చేసేవాళ్ళు ఇంత శ్రద్ధగా తోమరు. కానీ అంచుకు పసుపు లేదు, బొట్టు లేదు. అటు చూడండి. పొద్దెక్కింది, అయినా వాళ్ళ వంటశాల మీద పొగ లేదు. నా కళ్ళు వంటమనిషి కళ్ళు, పొగ దగ్గర పొరపడవు. ఇప్పుడు దిగువన చూడండి. అక్కడ ఒక్క పొగ ఉంది. అది పొయ్యి పొగ కాదు."

ఏటి దిగువన, ఆవలిగట్టు వాళ్ళ శ్మశానం వైపు నుంచి సన్నగా పొగ లేస్తోంది.

"చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు మహారాజా. ఆ ఇంటి నుంచి వంటకం బయటికి రాదు. గిన్నెలో ఏం పెట్టి పంపుతారు?"

రణకేసరి ఆ పొగ వైపు చూశాడు. ఆయన తల్లి పోయిన రోజు గుర్తుకొచ్చింది. ఆ రోజు ఆయనకు ఎవరు ఏం పెట్టారో గుర్తు లేదు, ఎవరో ముద్ద కలిపి నోట్లో పెట్టడం మాత్రం గుర్తుంది. ఆ చెయ్యి పేరిందేవిదే అని ఇప్పుడు తెలిసింది.

"మరి అలాంటి ఇంటికి పొరుగువాళ్ళు ఏం చెయ్యాలి?" అని మెల్లగా అడిగాడు.

"అన్నం పట్టుకెళ్ళాలి. వండింది ఉంది."

రాజు మొలలోని కత్తి తీసి మెట్టు మీద పెట్టాడు. బల్లేలు ఒడ్డున ఒరిగాయి. సైనికులు గుండిగలు భుజాలకెత్తుకున్నారు. మోకాటి లోతు నీళ్ళలో, మబ్బు నీడలో, ఆవిర్లు కక్కుతున్న అన్నంతో ఆ దండు ఏరు దాటింది. నీళ్ళ చప్పుడు ఒక్కటే వినిపించింది. తిమ్మన్న చారు గుండిగ మోస్తూ, తొణకకుండా అడుగులో అడుగు వేశాడు.

అవతలి ఒడ్డున కుముదసేనుడు తడిబట్టలతో కూర్చుని ఉన్నాడు. దండును చూసి కత్తి తెమ్మనడానికి కూడా ఆయనకు ఓపిక లేదు. ఎదురుగా వచ్చి నిలబడినవాడి చేతిలో కంచు గిన్నె, గిన్నెలో పప్పన్నం చూసి లేవబోయాడు.

"మీ గిన్నె ఖాళీగా పంపాను. ఏమీ అనుకోకండి. రాత్రి కళ్ళు మూసేముందు మా అమ్మ అన్న మాట ఒక్కటే. 'అది వాళ్ళమ్మ గిన్నెరా, తెల్లారగానే పంపెయ్యి' అంది. అందులో ఏదైనా పెట్టడానికి ఇంట్లో ఎవరికీ చేతులు ఆడలేదు."

రణకేసరి ఇసుకలోనే పక్కన చతికిలబడి, ముద్ద కలిపాడు.

"ఇంకేం మాట్లాడకు. పొద్దున్నుంచీ ఏమీ తిని ఉండవు. ఈ నాలుగు ముద్దలూ తిను."

కుముదసేనుడు తిన్నాడు. తింటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పేరిందేవి కాస్త దూరంగా నిలబడి, తాను ఎన్నడూ చూడని ఆ తల్లికి చేతులు జోడించింది. తిమ్మన్న చారు వడ్డిస్తున్నాడు. తొలకరి చినుకు ఒకటి వచ్చి ఆమె నుదుటి మీద పడింది.

లంక ఎవరిదన్న మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు, ఆ తరువాత కూడా ఎత్తలేదు.

అందుకే పిల్లలూ, పొరుగింటి గిన్నె ఖాళీగా వచ్చిన రోజున, కోపం తెచ్చుకోకముందు ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో చూడాలి.