బొచ్చయ్య కట్టిన మెట్ల గూడు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక ఎలుగుబంటి. పేరు బొచ్చయ్య. ఎలుగుబంటి అనగానే తేనెపట్టు కోసం చెట్లెక్కి, ఈగలతో కుట్టించుకుని, మూతి వాచిపోయి ఇంటికొచ్చే రకం అనుకునేరు. అది మిగతా ఎలుగుబంట్ల సంగతి. మన బొచ్చయ్యకు కోళ్లంటే ప్రాణం.

తినడానికేమో అనుకుంటున్నారు కదూ? మీ మొహాలు చూస్తేనే తెలుస్తోంది. కాదర్రా! ఆయన ఏనాడూ ఒక్క ఈక పీకి ఎరగడు. ఊరికే ముచ్చటపడి పెంచుకునేవాడు. పొద్దున్నే లేచి పుట్ట తవ్వి చెదలు బయటికి తీసేవాడు. సగం తాను నాకేసి, మిగతా సగం కోళ్లకు వదిలేవాడు. అవి టకటకా ఏరుకుని తింటూ ఉంటే, పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుని చూసేవాడు. అలా చూస్తూ కూర్చుంటే ఆయనకు పొద్దు తెలిసేది కాదు.

కోళ్లు నాలుగు. నాలుగూ పెట్టలే. అన్నిటికన్నా పెద్దది డేగపెట్ట. ఎర్రగా, పొడవాటి తోకతో, నడిస్తే నేల అదిరేలా నడిచేది. నల్లగా నిగనిగలాడేది కాకిపెట్ట. తెల్లది సేతుపెట్ట. ఒంటి నిండా చుక్కలున్న చిన్నది పూలపెట్ట.

రోజూ పొద్దుగూకే వేళకు బొచ్చయ్య నాలుగింటినీ ఒక పెద్ద గంప కింద కమ్మేవాడు. లోపల ఇరుకు.

"కాస్త జరగవే!" అనేది డేగపెట్ట.

"నువ్వే జరగవే!" అనేది కాకిపెట్ట.

అలా గొణుక్కుంటూనే ఒకదాని రెక్క కింద ఇంకొకటి తల దూర్చి హాయిగా నిద్రపోయేవి.

వానాకాలం వచ్చింది. గంప కిందికి నీళ్లు చేరాయి. అది చాలదన్నట్టు ఒక బావురుపిల్లి ఆ చుట్టుపక్కల తిరగడం మొదలుపెట్టింది. ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే గంప పక్కకు జరిగి ఉంది, బురదలో పిల్లి అడుగులు ఉన్నాయి. బొచ్చయ్య గబగబా గంప ఎత్తి లెక్కపెట్టాడు, నాలుగూ ఉన్నాయి.

"ఇక లాభం లేదు. నా తల్లులకు మంచి గూడు కట్టాలి" అనుకున్నాడు.

మరి మొదలుపెట్టాడంటే చూడాలి! వెదురు నరికాడు. తడికలు అల్లాడు. నాలుగు గుంజలు పాతి, నేలకు ఎత్తుగా గూడు నిలబెట్టాడు. టేకాకులతో కప్పు వేశాడు. తలుపుకు గట్టి గడియ పెట్టాడు. ఇంతవరకూ బాగానే ఉంది. పిల్లి తలకిందులుగా వేలాడినా లోపలికి రాలేదు.

ఇక కోళ్లు కూర్చోవడానికి లోపల కర్రలు కట్టాలి. బొచ్చయ్య తల గోక్కుని ఆలోచించాడు. ఒకదాని మీద ఒకటిగా నాలుగు వెదురు కర్రలు కట్టాడు. ఒక్కో కోడికి ఒక్కో మెట్టు. తలుపు తీసి చూస్తే అచ్చం బొమ్మల కొలువులా ఉంది. తన పని చూసుకుని తానే మురిసిపోయాడు.

అడవంతా చూడటానికి వచ్చింది. కుందేలు వచ్చి, "ఎంత ముద్దుగా ఉందో!" అంది. నెమలి వచ్చి, "నాకూ ఇలాంటిదొకటి కట్టిపెట్టకూడదూ?" అంది. చివరికి బొచ్చయ్య స్నేహితుడు, తోకారావు అనే కొండముచ్చు వచ్చాడు. గూడు చుట్టూ తిరిగి, లోపలికి తొంగి చూసి, "బావా! గూడంతా ఒక ఎత్తు, ఆ మెట్లు ఒక ఎత్తు!" అన్నాడు. బొచ్చయ్యకు ఆ పూట ఆకలి కూడా వేయలేదు.

ఆ సాయంత్రం కోళ్లు గూట్లోకి వెళ్లాయి. వెళ్లీ వెళ్లగానే నాలుగూ తలెత్తి పై మెట్టు వంక చూశాయి. కోడికి ఎత్తంటే మోజు. ఎంత ఎత్తున కూర్చుంటే అంత భయం లేదనుకుంటుంది. డేగపెట్ట అందరినీ తోసుకుంటూ పైకి ఎగిరింది. దాని కింద కాకిపెట్ట, దాని కింద సేతుపెట్ట. పూలపెట్టకు అన్నిటికన్నా కింది మెట్టు మిగిలింది.

పైన కోడి ఉంటే కిందికి ఏం పడుతుందో మీకు చెప్పాలా? నవ్వకండి! మీకు నవ్వులాటగానే ఉంటుంది. తెల్లారేసరికి పాపం పూలపెట్ట నెత్తంతా రెట్టే. చుక్కలు ఏవో రెట్టలు ఏవో తెలియలేదు.

మర్నాడు అది ఒక మెట్టు పైకి ఎక్కబోయింది. సేతుపెట్ట ఠపీమని నెత్తి మీద పొడిచింది.

"నీ చోటు కిందే!" అంది.

"నా చోటని ఎవరు చెప్పారు?" అంది పూలపెట్ట.

"ఎవరో చెప్పేదేముంది? అందరికన్నా కింద ఉన్నావుగా!" అంది సేతుపెట్ట. మొన్నటిదాకా పూలపెట్ట రెక్క కిందే తల దూర్చి పడుకున్న సేతుపెట్టే ఆ మాట అంది.

గూట్లో మొదలైన ఆ మాట గూటి బయటికీ వచ్చింది. చెదలు తినేటప్పుడు పై మెట్టుది ముందు. కింది మెట్టుది ఆఖరు. పూలపెట్ట మెడ మీద ఈకలు ఊడి తోలు కనిపించింది. గుడ్లు పెట్టడం మానేసింది. ఆ తర్వాత ఒక సాయంత్రం గూట్లోకి రావడమే మానేసింది. దగ్గరలో ఉన్న బలుసు కంపలోకి దూరి ముడుచుకుని కూర్చుంది.

బొచ్చయ్య కంగారుగా వెతుక్కుంటూ వచ్చాడు. "ఇక్కడేం చేస్తున్నావే తల్లీ? బావురుపిల్లి తిరుగుతోంది. చీకటి పడితే నీకు కళ్లు కూడా కనపడవు. పద ఇంటికి!"

"నేను రాను మామా" అంది పూలపెట్ట. "పిల్లి అయితే ఒక్కసారే చంపి తింటుంది. వీళ్లు రోజూ పొడుస్తున్నారు."

బొచ్చయ్యకు ఏడుపొచ్చినంత పనైంది. దాన్ని ఎత్తి గుండెకు హత్తుకున్నాడు.

పూలపెట్ట ఆయన బొచ్చులో ముఖం దాచుకుని నెమ్మదిగా అడిగింది. "మామా, ఆ మెట్లు తీసెయ్యకూడదూ? గంప కింద మేం బాగానే ఉండేవాళ్లం కదా?"

బొచ్చయ్య గూడు వంక చూశాడు. లోపల మెట్లు ఎంతో అందంగా కనిపించాయి. కుందేలు అన్న మాట, నెమలి అడిగిన మాట, తోకారావు మెచ్చుకున్న మాట చెవిలో మోగాయి. అంత ముచ్చటపడి కట్టుకున్నది పీకెయ్యడానికి చెయ్యి రాలేదు.

"మెట్లేం చేశాయే పిచ్చిదానా? అవి వెదురు కర్రలు. బుద్ధులు బాగుండాలి గానీ! నేను వాళ్లకు బుద్ధి చెబుతానుగా" అన్నాడు.

చూశారా? పూలపెట్ట అడిగింది ఒకటి, బొచ్చయ్య చేస్తానన్నది ఇంకొకటి.

ముందు కోళ్లన్నిటినీ కూర్చోబెట్టి మంచి మాటలు చెప్పాడు. "మీరంతా అక్కాచెల్లెళ్లు. ఒకరినొకరు పొడుచుకోవచ్చా?" అన్నాడు. కోళ్లు బుద్ధిగా తలలూపాయి. కోళ్లు ఎప్పుడూ తలలూపుతూనే ఉంటాయి కదా, అందుకని ఆయన నమ్మేశాడు. ఆ సాయంత్రమే మళ్లీ పొడుచుకున్నాయి.

తర్వాత ఆశ పెట్టాడు. "పొడవకుండా ఉన్నవాళ్లకు రేపు పెద్ద పుట్టలో చెదలు" అన్నాడు. చెదలు ఉన్నంతసేపూ ఎవరూ ఎవరినీ పొడవలేదు. ఆఖరి చెద పురుగు అయిపోగానే మొదటికొచ్చింది.

బొచ్చయ్య దిగాలుగా తోకారావు దగ్గరికి వెళ్లాడు. అంతా విని తోకారావు, "ఓస్, ఇంతేనా బావా! పైదాన్ని కింద కూర్చోబెట్టు. కిందదాన్ని పైన కూర్చోబెట్టు. రెట్ట నెత్తిన పడితే డేగపెట్టకు బుద్ధి దానంతటదే వస్తుంది. పూలపెట్ట కష్టం తెలిసిన పిల్ల. అది ఎవరినీ పొడవదు" అన్నాడు.

"అంతేనంటావా? గూడులో ఏమీ లోపం లేదుగా?" అన్నాడు బొచ్చయ్య అనుమానంగా.

"గూడుకేం బావా! బంగారంలా ఉంది" అన్నాడు తోకారావు. ఆ మాట వినడానికే బొచ్చయ్య అంత దూరం వెళ్లాడేమో, ఎవరు చూడొచ్చారు! హుషారుగా తిరిగొచ్చాడు.

ఆ సాయంత్రం ఒక్కోదాన్నీ తన చేతులతో ఎత్తి కూర్చోబెట్టాడు. పూలపెట్ట పైన. డేగపెట్ట అన్నిటికన్నా కింద. తలుపు వేసి, తడిక సందులోంచి చూస్తూ నిలబడ్డాడు.

డేగపెట్టకు అలవాటు పోలేదు. కాసేపటికి లేచి ఒక్కో మెట్టూ పైకి రాబోయింది. పూలపెట్ట దాన్ని చూసింది. మెడ చాచింది. వంగి, ఠపీమని డేగపెట్ట నెత్తి మీద పొడిచింది! ఇంకోసారి పొడిచింది. ఎర్ర కోడి నెత్తి మీద ఎర్రగా నెత్తురు కనిపించింది.

"నీ చోటు కిందే!" అంది పూలపెట్ట.

బొచ్చయ్య తన చెవులను తానే నమ్మలేదు. నేర్చుకుంటుందిలే, మొదటి రోజు కదా అని సరిపెట్టుకున్నాడు. రోజులు గడిచాయి. పొడవడం ఆగలేదు. ఒక సాయంత్రం మూడు కోళ్లే గూట్లోకి వచ్చాయి. డేగపెట్ట రాలేదు.

"డేగపెట్ట ఏదర్రా?" అని ఆయన అడుగుతుండగానే బలుసు కంపలోంచి కెవ్వుమని అరుపు వినిపించింది. బొచ్చయ్య పరుగు తీశాడు. అంత పెద్ద ఒళ్లు పెట్టుకుని అలా పరిగెత్తడం ఆ అడవిలో ఎవరూ చూసి ఉండరు. ఆయన గర్జన విని బావురుపిల్లి కంపలోంచి దూకి పారిపోయింది. దాని నోటి నిండా ఎర్ర ఈకలు ఉన్నాయి.

కంప కింద డేగపెట్ట పడి ఉంది. బతికే ఉంది. నేల అదిరేలా నడిచిన కోడి గజగజ వణికిపోతోంది. దాని తోక లేదు.

బొచ్చయ్య దాన్ని చేతుల్లో పెట్టుకుని గూటి దగ్గరికి తెచ్చాడు. పై మెట్టు మీంచి పూలపెట్ట చూసింది. ఆ తోక లేని ఒంటిని చూసి ముక్కు రెక్కలో దాచుకుంది.

"ఏమ్మా, నువ్వు కూడానా?" అన్నాడు బొచ్చయ్య. ఆయన గొంతులో కోపం లేదు. ఏడుపు ఉంది. "ఆ కంపలో నువ్వెంత ఏడ్చావో నేను చూశాను కదా?"

పూలపెట్ట రెక్కలోంచి ముక్కు బయటికి తీసింది. తర్వాత అంది. "కింద ఉన్నన్నాళ్లూ కింద ఉన్నానని ఏడ్చాను మామా. పైకి రాగానే ఒకటే భయం పట్టుకుంది. ఎవరొచ్చి దించేస్తారో, మళ్లీ కిందికి పోతానేమో అని. ఆ భయంతోనే పొడిచాను."

"నాకూ అంతేనే" అంది బొచ్చయ్య చేతుల్లోంచి డేగపెట్ట, వణుకుతూనే. "ఆ మెట్టు మీద ఒక్క పూట కూడా నేను కంటి నిండా నిద్రపోలేదు. గంప కిందే బాగా నిద్ర పట్టేది."

బొచ్చయ్య గూటి ముందు చతికిలబడ్డాడు. అవే కోళ్లు. అవే ముక్కులు. గంప కింద ఉన్నప్పుడు ఒకదాని రెక్క కింద ఒకటి పడుకున్నాయి. మధ్యలో కొత్తగా వచ్చింది ఏమిటి? ఆయన తలెత్తి మెట్ల వంక చూశాడు. అంత అందంగా కనిపించినవి ఇప్పుడు చూడబుద్ధి కాలేదు.

"ఇన్నాళ్లూ మీ బుద్ధులు మార్చాలని చూశానర్రా. మార్చాల్సింది నేను కట్టిన ఈ కర్రలని" అన్నాడు.

ఆ పూట నాలుగింటినీ పాత గంప కింద కమ్మి, దానికి వీపు ఆనించి తాను పడుకున్నాడు. తెల్లారగానే మెట్లన్నీ పటపటా విరిచేశాడు. గూటికి ఆ చివర నుంచి ఈ చివర దాకా, అడ్డంగా ఒకే ఒక పొడవాటి వెదురు కట్టాడు. అందరూ ఒకే ఎత్తు.

తోకారావు వచ్చి చూసి, "అయ్యయ్యో బావా! అందమంతా పోయిందే! ఇప్పుడు దీన్ని చూడ్డానికి ఎవరొస్తారు?" అన్నాడు.

"ఎవరూ రానక్కర్లేదులే. ఇది పడుకోవడానికి కట్టింది" అన్నాడు బొచ్చయ్య, ముడి బిగిస్తూ.

సాయంత్రమైంది. కాకిపెట్ట, సేతుపెట్ట, పూలపెట్ట వెళ్లి ఆ కర్ర మీద కూర్చున్నాయి. డేగపెట్ట మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తోక లేని ఒళ్లు ముడుచుకుని, తల దించుకుని అడిగింది.

"నాది ఏ మెట్టు?"

పూలపెట్ట కర్ర మీద పక్కకు జరిగింది. ఇంకాస్త జరిగింది. ఒక పెద్ద కోడి పట్టేంత చోటు చేసింది.

"మెట్లు లేవక్కా" అంది. "ఇటు రా. నా పక్కన కూర్చో. చలిగా ఉంది."

డేగపెట్ట ఎగిరి కూర్చుంది. తోక లేదు కదా, తూలిపోబోయింది. పూలపెట్ట రెక్క విప్పి ఆపింది.

బొచ్చయ్య తలుపు గడియ వేసి, అక్కడే కాసేపు నిలబడ్డాడు. లోపలి నుంచి గొణుగుడు వినిపించింది.

"కాస్త జరగవే!"

"నువ్వే జరగవే!"

ఆయన కళ్లు తుడుచుకుని, నవ్వుకుంటూ వెళ్లి పడుకున్నాడు.

నీతి: ఒకరి నెత్తి మీద ఒకరు కూర్చునేలా మెట్లు కట్టి, కూర్చున్నవాళ్ల బుద్ధిని తిట్టి లాభం లేదు, ముందు ఆ మెట్లు తీసెయ్యాలి.