చప్పట వినపడే రాయి

లాలప్పకు వారం రోజులుగా అన్నం సయించడం లేదు. కారణం ఒక ఊరు. దేవరబండలో పాత దర్గా ఒకటి దీపం పెట్టే దిక్కు లేక పడి ఉందనీ, మంచీచెడ్డా చెప్పే మనిషినొకరిని పంపమనీ ఆ ఊరివాళ్లు వచ్చి లాలప్ప గురువు కరీం షా తాతను అడిగారు. తాత గడ్డం నిమురుకుంటూ శిష్యులందరినీ ఒకసారి చూసి లాలప్ప వైపు వేలు చూపించాడు. అంతే. శుక్రవారం నాలుగు గంటల బస్సుకు బయలుదేరాలి.

తాత దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆయన ఎవరినీ పేరు పెట్టి పిలవడు. ఒక్క చప్పట కొడతాడు. అది విన్న శిష్యుడు చేతిలో పని అక్కడే వదిలేసి "హాజర్ తాతా" అంటూ వచ్చి నిలబడాలి. వయసులో ఉన్నప్పుడు దూది ఏకిన చేతులు తాతవి. అరచేతులు కాయలు కాసి మందంగా ఉంటాయి. అందుకని ఆయన చప్పట అందరి చప్పట లాగా పెళ్లున మోగదు. మెత్తని మూట నేల మీద పడ్డట్టు థప్పుమంటుంది.

పదకొండేళ్లలో ఆ చప్పుడుకు లాలప్ప ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. స్నానం మధ్యలో సబ్బు నురగతో వచ్చాడు. తోటివాళ్లు పడీ పడీ నవ్వారు గానీ లాలప్ప మాత్రం లోలోపల పొంగిపోయేవాడు. వెయ్యి చప్పట్ల మధ్యలో కూడా తాత చప్పట పోల్చుకుంటానని చెప్పుకునేవాడు.

మరి దేవరబండలో ఆ చప్పట ఎవరు కొడతారు? పొద్దున లేస్తే ఏ పని ముందో ఎవరు చెబుతారు? ఎవరైనా వచ్చి కష్టం చెప్పుకుంటే, తనకు తోచిన మాటేదో చెప్పి వాళ్ల కొంప ముంచితే? దానికి తోడు పోయిన నెల తాతకు గుండెల్లో నొప్పి వచ్చింది. మెట్లెక్కితే ఊరుకోనని డాక్టరు మందలించాడు. తాను అక్కడ ఉండగా తాత ఇక్కడ చప్పట కొడితే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా లాలప్ప సర్దిన సంచీ మళ్లీ విప్పేవాడు.

శుక్రవారం మధ్యాహ్నం సంచీ భుజాన వేసుకున్నాక ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"తాతా, నీ పిలుపు వినపడని చోట నేను ఎట్ల బతికేది?"

తాత ఆ మాట విననట్టే కర్ర అందుకున్నాడు. "బస్టాండు దారిలో కోట ఉంది గదా. ఇన్నేండ్లయినా చూడనే లేదు. చూసి పోదాం పా" అన్నాడు.

లాలప్ప నెత్తిన పిడుగు పడ్డట్టయింది. పక్క వీధిలో పెళ్లికి పిలిచినా కదలని మనిషికి, ఇవాళే, ఈ ఎండలోనే కోట చూడాలని పుట్టింది.

కోటంటే ఇప్పుడు కోట కాదు, కోట పోగా మిగిలిన ముక్కలు. కప్పు లేని దర్బారు, అందులో మేస్తున్న మేకలు, ఒకప్పుడు దీపాలు వెలిగిన గూళ్లలో జనం పడేసిన బిస్కెట్ కాగితాలు. గోడల నిండా బొగ్గుతో ప్రేమికుల పేర్లు. పెద్ద దర్వాజా ఒక్కటే చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. దాని కమాను కింద గైడొకడు రెండు బస్సుల జనాన్ని నిలబెట్టి చెబుతున్నాడు. రాజుల కాలంలో కాపలావాడు ఇక్కడ చప్పట కొడితే కొండ మీద మంటపంలో ఉన్న రాజుకు వినపడేదట. అదీ మంటపం నడిమధ్యన ఉన్న నల్లరాయి మీద నిలబడితేనేనట. రాయి దిగి ఒక్క అడుగు పక్కకు వేస్తే ఏమీ వినపడదట.

తాత ఆ సంగతి రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. తర్వాత లాలప్ప వైపు తిరిగాడు.

"పైకి పోయి ఆ రాయి మీద నిలబడు. నేను చప్పట కొడతా. వినపడితే దిగిరా."

"వినపడకపోతే?"

"ముందు ఎక్కు. మెట్లు జారతాయి, చెప్పులు విడువు."

విడిచిన చెప్పులు తాత వంగి చేతుల్లోకి తీసుకున్నాడు. గురువు చేత చెప్పులు మోయించిన పాపం తనకొద్దని లాలప్ప లాక్కోబోయాడు. తాత ఒక్క చూపు చూసేసరికి నోరు మూసుకుని మెట్లెక్కాడు.

మెట్లు రెండు వందల పైనే ఉన్నాయి. రాళ్లు పెనంలా కాలుతున్నాయి. పైకి చేరి నల్లరాయి మీద నిలబడ్డాడో లేదో, చెవి పక్కనే కొట్టినట్టు చప్పట మోగింది.

"హాజర్ తాతా!" అని అరిచి పది మెట్లు దిగాడు. ఏమీ వినపడలేదు. అనుమానం వచ్చి మళ్లీ రాయి ఎక్కితే చప్పట్ల మీద చప్పట్లు, వాటి వెనక నవ్వులు. బస్సుల జనం వంతులవారీగా కొడుతున్నారు. లాలప్ప సిగ్గుపడి నిలబడ్డాడు. ఇంకోటి మోగింది. "హాజర్!" అన్నాడు. అదీ కాదు. అక్కడ ఫొటో తీసుకుంటున్న జంట ఇతన్ని ఎగాదిగా చూసి దూరంగా జరిగింది.

వెయ్యిలో ఒకటి పోల్చుకుంటానన్న మనిషికి ఇప్పుడు ప్రతిదీ తాతదే అనిపిస్తోంది, ఏదీ తాతది కాదనీ అనిపిస్తోంది. దర్వాజా వైపు చూద్దామంటే మధ్యలో గోడ అడ్డం. తాత నిలబడ్డాడో, కూర్చున్నాడో, నొప్పి వచ్చి పడిపోయాడో తెలియదు. మూడయింది. కాళ్లు బొబ్బలెక్కుతున్నా రాయి మీద నుంచి కదల్లేదు. కదిలిన క్షణంలోనే తాత కొడతాడని అతని భయం.

అప్పుడు కనిపించిందామె. మంటపం వెనక మెట్ల మీద, యాభై దాటిన మనిషి, కళ్లు గట్టిగా మూసుకుని మెట్టు రాయిని పట్టుకుని కూర్చుంది. అటువైపు మెట్లు విరిగిపోయి ఉన్నాయి. ఒక పక్క లోయ. వెంట వచ్చినవాళ్లు ముందే దిగిపోయినట్టున్నారు. "నా వల్ల కాదు, నా వల్ల కాదు" అని గొణుక్కుంటోంది. దిగేవాళ్లు ఆమెను తప్పుకుని దిగుతున్నారు.

లాలప్ప చూసి ముఖం తిప్పుకున్నాడు. ఎవరో ఒకరు వస్తారులే అనుకున్నాడు. ఆమె వాళ్లే వస్తారనుకున్నాడు. మళ్లీ చూశాడు. ఎవరూ రాలేదు.

థప్పుమంది.

"హాజర్!" అన్నాడు లాలప్ప, ఒళ్లంతా ఉలిక్కిపడి. కానీ ఆ చప్పుడు కింద నుంచి రాలేదు. ఆమె ఒళ్లోని గుడ్డసంచి జారి మెట్ల మీద పడింది. అతని మాట విని ఆమె కళ్లు తెరిచింది. తననే అన్నాడనుకుని, చేయి అతని వైపు చాచింది.

లాలప్ప ఆ చేయి చూశాడు, కాళ్ల కింది రాయి చూశాడు. ఏడుపొచ్చింది. రాయి దిగాడు.

ఒక్కో మెట్టుకు ఒక్కో యుగం పట్టింది. ఆమె పేరు సుంకులమ్మ అట. కోటలో ఉద్యోగమా నాయనా అని అడిగింది. కాదమ్మా, మా పెద్దాయన పిలుపు కోసం కాచుకుని ఉన్నానన్నాడు. అట్లయితే నువ్వు పో నాయనా, నేను ఎట్లనో దిగుతాలే అంది గానీ, పట్టుకున్న చేయి మాత్రం ఇంకా గట్టిగా బిగించింది. లాలప్పకు ఆ కంగారులో కూడా నవ్వొచ్చింది.

ఆమెను వాళ్ల వాళ్లకు అప్పగించి, గోడ చుట్టూ తిరిగి పరుగెత్తుకొచ్చేసరికి మూడున్నర దాటింది. కమాను కింద తాత లేడు. లాలప్ప గైడును పట్టుకుని తాత ఎక్కడని అడిగాడు. గైడు గోడ నీడ వైపు చూపించాడు. తాత అక్కడ రాతికి చేరగిలబడి కళ్లు మూసుకుని ఉన్నాడు. కదలడం లేదు.

లాలప్ప మోకాళ్ల మీద పడ్డాడు. తాత కళ్లు తెరిచాడు.

"తాతా, నువ్వు చప్పట కొట్టినప్పుడు నేను రాయి మీద లేను. నీ మాట తప్పినా."

"ఎందుకు దిగినావు?"

"ఒకామె మెట్ల మీద భయపడి కూచ్చోనుండె. దించి వచ్చినా."

"దించమని ఎవరు చెప్పినారు?"

లాలప్ప, సుంకులమ్మ బిగించి పట్టుకున్న తన చేయి వైపు చూసుకున్నాడు.

తాత రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. కుడిచేతిలో ఒక చెప్పు, ఎడమచేతిలో ఒక చెప్పు.

"నువ్వు పోయినప్పట్నుంచి ఇవి దించలేదప్పా" అన్నాడు. వాటిని లాలప్ప పాదాల ముందు జోడుగా పెట్టి, కర్ర ఊతంతో మెల్లగా లేచాడు. "వేసుకో. బస్సుకు టైమయింది."

లాలప్ప కళ్లు మసకబారాయి. వంగి బొబ్బలెక్కిన పాదాలను చెప్పుల్లో పెట్టుకున్నాడు. వెనక దర్వాజా కింద ఎవరో చప్పట కొట్టారు. అతను తల తిప్పకుండా చెప్పు పట్టీ బిగించుకుని, సంచీ భుజాన సర్దుకుని నడిచాడు.