ఉప్పు ఎడ్లు తెచ్చిన కబురు

తులశమ్మ అన్నం ముట్టక అది రెండో రోజు.

కొండదారి మలుపులో పేరిందేవమ్మగారి చలివేంద్రం ఉండేది. తులశమ్మ ఆవిడ శిష్యురాలు. బాటసారులు వంగి దోసిలి పడితే చెంబుతో నీళ్ళు పోయడం ఆ పిల్ల పని. పై దేశానికి ఉప్పు మోసే ఎడ్లవాళ్ళు, బస్తాలు దించి తిరిగొస్తూ ఒక కబురు చెప్పి పోయారు. అక్కడ వానల్లేవట. జనం చింతపిక్కలు ఉడకేసుకు తింటున్నారట. దొరలేమో గాదెలకు తాళాలు బిగించి, ధర ఇంకా ఎప్పుడు పెరుగుతుందా అని కూర్చున్నారట.

"పసిబిడ్డలు రాలిపోతుంటే ధర కోసం చూస్తారా అమ్మా? వాళ్ళూ మనుషులేనా?"

పేరిందేవమ్మగారు ముద్ద కలుపుకుంటూ, "పులుసులో ఉప్పు తగ్గిందే" అన్నారు.

తులశమ్మకు ఒళ్ళు మండిపోయింది. "మీకు బాగానే దిగుతోంది ముద్ద. ఆ గాదెలు తెరిచేదాకా నేను మెతుకు ముట్టనని నిన్ననే చెప్పాను" అని విసవిసా పందిట్లోకి వెళ్ళింది.

అక్కడ గాజుల మలారం మోసే ఆయనొకడు దోసిలి పట్టి ఉన్నాడు. తులశమ్మ చూపు కొండల అవతలే ఉంది. చెంబు ఒక్కసారిగా వంగిపోయింది. ఆయన పొలమారి, దగ్గి, ముఖం తుడుచుకుని, "తాగుదామని వచ్చాను తల్లీ, తలంటు పోయించుకోవడానికి కాదు" అన్నాడు.

"అక్కడ జనం చస్తుంటే నీకు ఎకసెక్కాలా?" అని మీద పడింది తులశమ్మ. పాపం, ఆయన దాహం తీరకుండానే మలారం భుజానికెత్తుకున్నాడు.

చెయ్యి కడుక్కుని వచ్చిన పేరిందేవమ్మగారు ఆయన్ని ఆపి, తానే నీళ్ళు పోసి, కడుపునిండా తాగాక పంపించారు. తర్వాత శిష్యురాలి వైపు తిరిగారు.

"దోసిలి పట్టవే."

తులశమ్మ వంగింది. ఆవిడ నిండు బిందె ఎత్తి దబాలున కుమ్మరించారు. ముక్కులోకీ, చెవుల్లోకీ నీళ్ళు. కోక అంతా తడిసి ముద్దయింది. దోసిట్లో చుక్క నిలవలేదు.

"దాహం తీరిందా?"

"ఎలా తీరుతుందమ్మా?" కోపంగా అంది తులశమ్మ.

"మళ్ళీ పట్టు."

ఈసారి చెంబులోంచి సన్నని ధార. పొద్దుటినుంచి నీళ్ళయినా తాగని పిల్ల, ఆపకుండా గుటకలు వేసింది.

తల ఎత్తి, "అయితే ఆ గాదెలవాళ్ళ మీద కోపం తప్పంటారా?" అని అడిగింది.

"తప్పని ఎవరన్నారు? నాకూ ఉంది. నువ్వు పుట్టకముందు నుంచీ ఉంది." ఆవిడ చెంబు బోర్లించారు. "ఎల్లుండి ఎడ్లు మళ్ళీ ఇటే పైకి పోతాయి. మన దగ్గరున్న రాగులు పిండి విసిరి పంపిద్దామనుకున్నా. గంటల తరబడి తిరగలి తిప్పే సత్తువ నాకెటూ లేదు. నీకుందా?"

తులశమ్మ కొంగు పిండుకుని లోపలికి వెళ్ళి, మూతపెట్టిన కంచం దగ్గరికి లాక్కుంది. మొదటి ముద్ద గొంతులో అడ్డం పడింది. రెండోది దిగింది.

ఆ పూటంతా తిరగలి కోపంగానే తిరిగింది. పిండి మాత్రం మెత్తగా పడింది.