తండ్రీకొడుకుల నాణేలు

మణిగిరి టంకసాలలో నాణేల అచ్చులు చెక్కేవాడు నాగోజు. కొత్తరాజు గద్దెనెక్కగానే, ఆయన బొమ్మ కూడా తండ్రి బొమ్మలాగే కుడివైపు చూడాలని టంకసాల అధికారి గుండనామాత్యుడు హుకుం జారీ చేశాడు.

"అయ్యా, అచ్చులో ఎటు చూస్తే నాణెం మీద దానికి ఎదురువైపు చూస్తారు" అని నాగోజు చెప్పబోయాడు.

"నాకే నేర్పుతావా? అచ్చులోనే కుడివైపు కనబడాలి!" అని కసిరాడు అధికారి.

నాగోజు అలాగే చెక్కాడు. తీరా కొట్టాక, నాణేల మీద రాజు ఎడమవైపు తిరిగి ఉన్నాడు.

తప్పు తన మీదికి రాకముందే గుండనామాత్యుడు నాగోజును సభకు ఈడ్పించాడు. తండ్రి నాణెం, కొడుకు నాణెం రాజు ముందు పక్కపక్కన పెట్టాడు. రెండు ముఖాలూ చెరోవైపు తిరిగి ఉన్నాయి.

"చూడండి ప్రభూ! తమరు కన్నతండ్రికే వీపు చూపిస్తున్నట్టు చెక్కాడు. వీడి చెయ్యి నరికించాలి!"

రాజు ముఖం నల్లబడింది. తండ్రి పోయేదాకా ఇద్దరికీ మాటల్లేవని ఊరంతా ఎరుగును.

నాగోజు ముందుకొచ్చి, ఒక నాణేన్ని తీసి రెండోదానికి అవతలి పక్కన పెట్టాడు. ఇప్పుడు తండ్రీకొడుకులు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటున్నారు.

"నేను చెక్కింది ఇదే ప్రభూ. మీ ఇద్దరి చేత పెడమొహం పెట్టించింది నా ఉలి కాదు, వాటిని అలా పేర్చిన అమాత్యులవారి చెయ్యి."

రాజు ఆ రెండు నాణేలనూ అలాగే ఉంచమన్నాడు. ఇకమీదట మణిగిరిలో ప్రతి రాజూ తన ముందటి రాజుకు ఎదురుగానే చూడాలని శాసనం రాయించాడు.

తర్వాత మెల్లగా అడిగాడు: "అమాత్యా, ఇందాక చెయ్యి నరికించాలన్నారు. ఎవరి చెయ్యి?"