ఏడో రికార్డు రెండో పక్క

నాగశేషుడికి వచ్చిన సమస్య నలుగురిలో చెబితే నవ్విపోతారు. బెంగుళూరులో ఎవరో ఒక కంపెనీవాళ్లు పాతకాలం తత్వాలు వెతికి తీసి, పక్కకు ఒక్క పాట మాత్రమే పట్టే చిన్న రికార్డులుగా మళ్లీ అచ్చువేశారు. పది రికార్డులు, వాటికొక అట్టపెట్టె, పెట్టె మీద నంబరు. మొత్తం మూడు వందల పెట్టెలే చేశారట. ధర చూస్తే అతని జీతంలో సగం. కొనాలా, మానాలా?

అతను ప్రొద్దుటూరులో ఒక జూనియర్ కాలేజీ లైబ్రేరియను. మంచివాడే, కానీ వస్తువు మీద వేలిముద్ర పడితే విలవిలలాడిపోయే రకం. అతని లైబ్రరీలో పుస్తకాలు అద్దాల బీరువాల్లో నలగకుండా ఉంటాయి, చదివినవాళ్లు మాత్రం తక్కువ. ఇంట్లో రికార్డుల సంగతీ అంతే.

పన్నెండేళ్లుగా ప్రతి శుక్రవారం అతను హుసేనయ్య సామి దగ్గరికి వెళ్తున్నాడు. సామి ఊరి చివర మట్టిమిద్దెలో ఉండే ఫకీరు. ఏకతార మీటుతూ తత్వాలు పాడేవాడు. పాడేవాడు అనే చెప్పుకోవాలి. కిందటేడు గొంతులో పుండు లేచింది, ఆపరేషన్‌తో గొంతు పోయింది. ఇప్పుడు మిగిలింది గుసగుస ఒకటే. ఒక్కో మాటకూ ఆయన ఊపిరి కూడగట్టుకోవాల్సి రావడం చూసి శిష్యులు ప్రశ్నలు తగ్గించుకున్నారు. వానలు పడేదాకా ఉండడం కష్టమని డాక్టర్లు ఆయన కూతురు గౌసియాకు చెప్పేశారు.

ఆ శుక్రవారం శేషుడు పెట్టె సంగతి ఎత్తాడు. సామి పడుచుతనంలో మద్రాసు వెళ్లి పాడినవి కూడా అందులో ఉన్నాయని చెప్పాడు. తోటి శిష్యుల్లో ఒకడు శుద్ధ దండగన్నాడు. ఇంకొకడు రెండేళ్లు దాస్తే రెట్టింపు వస్తుందన్నాడు. పాటలు ఫోన్‌లో ఊరికే వచ్చే రోజుల్లో ఇలాంటివి కొనదగ్గవేనా సామీ అని అడిగాడు శేషుడు.

సామి అంతా విని, అతణ్ణి దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"దాంట్లో మాబున్ని పాట ఉందా?"

మాబున్ని ఆయన భార్య. పోయి ముప్ఫై ఏళ్లయింది. నలుగురిలో నోరు విప్పి పాడే మనిషి కాదు. మద్రాసులో పాడాల్సిన వాళ్లొకరు రాకపోతే, ఆ ఒక్క రోజు మైకు ముందు నిలబడి ఒక్క తత్వం పాడింది. అప్పటి కంపెనీవాళ్లు ఇచ్చిన రికార్డు పెన్న వరదలో కొట్టుకుపోయింది. అది ఇంట్లో ఉన్నన్నాళ్లూ పెట్టి వినడానికి యంత్రం లేదు. ఆ పాట ఆయన చెవిన మళ్లీ పడలేదు.

శేషుడు ఫోన్ తీసి జాబితా చూశాడు. "ఉంది సామీ. ఏడో రికార్డు, రెండో పక్క."

"అయితే కొను."

మాఘమాసంలో పెట్టె వచ్చింది. శేషుడు దాన్ని తువ్వాల్లో చుట్టుకుని, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. గౌసియా వాకిట్లో చాప వేసింది. సామి ఉతికిన చొక్కా తొడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం కూడా గీయించుకున్నట్టున్నాడు, బుగ్గ మీద చిన్న గాటు ఉంది.

శేషుడు రికార్డు ప్లేయరు తేలేదు. నల్లటి మార్కరు పెన్ను తెచ్చాడు. పెట్టె చుట్టూ బిగుతుగా ప్లాస్టిక్ కాగితం తొడిగి ఉంది. దాని మీద సామి ఒక్క సంతకం పెడితే ఆ పెట్టె దేశంలో ఇంకెక్కడా ఉండదని చెప్పి, పెన్ను మూత తీసి అందించాడు.

గౌసియాకు ఒళ్లు మండింది. "మా అమ్మ గొంతు ఇనాలని పొద్దున్నించి కూచ్చోనుండాడు నాయన. ముందు అది ఇప్పన్నా."

శేషుడు నచ్చజెప్పాడు. ప్లాస్టిక్ చింపితే పెట్టె విలువ సగానికి పడిపోతుందన్నాడు. తెలిసినవాళ్లు ఎప్పుడూ రెండేసి కొంటారనీ, ఒకటి దాచుకోడానికి, ఒకటి వినడానికనీ, ఆ వినేది పది రోజుల్లో తెప్పిస్తాననీ చెప్పాడు. ఇన్నేళ్లు ఆగినవాళ్లం ఇంకో పది రోజులు ఆగలేమా అన్నాడు. అన్నాక తనకే ఎబ్బెట్టుగా తోచింది.

సామి చెయ్యి చాచాడు. పెన్ను ఇవ్వబోతే కాదని తల ఊపి పెట్టె తీసుకున్నాడు. దాన్ని ఒళ్లో పెట్టుకుని, తల వంచి, ప్లాస్టిక్ మీద చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. వీధిలోకి నీళ్ల బండి వచ్చి, బిందెలు నింపుకున్నవాళ్లు నింపుకుని, బండి వెళ్లిపోయేదాకా అలాగే ఉన్నాడు.

శేషుడు ఉండబట్టలేకపోయాడు. "ఏం వింటున్నారు సామీ?"

సామి పెట్టెను తిరిగి అతని చేతుల్లో పెట్టాడు.

"బాగా కట్టినారు నాయనా. గాలి గూడా రాలేదు."

శేషుడికి ఆ మాట అర్థం కాలేదంటే అబద్ధం. అర్థమైంది. అర్థమయ్యాక కూడా పెట్టెను ఇంటికి తీసుకెళ్లి ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. తెలియక చేసే తప్పుకు ఎక్కడో ఒక మందు ఉంటుంది. తెలిసీ చేసేదాన్ని చూస్తేనే భయం వేస్తుంది.

రెండో పెట్టె దొరకలేదు. మూడు వందలూ అమ్ముడైపోయాయి. కొన్న మహానుభావుల్లో ఒక్కడు కూడా విప్పలేదేమో, ఆ పాట ఫోన్లలోకి రాలేదు. అమ్ముతానని ముందుకొచ్చినవాడు మూడింతలు అడిగాడు. వచ్చే నెల దిగుతుందిలే అని శేషుడు ఆగాడు. వచ్చే నెల ఇంకా ఎక్కింది. రెండోది దొరకలేదని దిగులు ఒక పక్క, బీరువాలో ఉన్నదాని ధర పెరుగుతోందని లోలోపల సంతోషం ఇంకో పక్క. ఆ సంతోషానికి సిగ్గుపడ్డాడు కూడా. సిగ్గుపడుతూనే ఆగాడు.

శుక్రవారాలు మాత్రం మానలేదు. సామి ఒక్కసారైనా పెట్టె మాట ఎత్తలేదు. శేషుడు గుమ్మంలోకి రాగానే అతని చేతుల వంక చూసేవాడు. చూసి, గోడ వైపు తిరిగేవాడు. శేషుడు ఆ చూపు భరించలేక బత్తాయిలు తేవడం మొదలుపెట్టాడు. సామి అవి మింగలేడని తెలిసి కూడా తెచ్చేవాడు. గౌసియా వాటిని పక్కింటి పిల్లలకు పంచిపెట్టేది.

వైశాఖం వచ్చింది. ప్రొద్దుటూరి ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది, రాత్రికి కూడా గోడలు చల్లారవు. ఒక మధ్యాహ్నం గౌసియా ఫోన్ చేసింది. నాయన రెండు రోజులుగా గుక్కెడు నీళ్లు కూడా మింగడం లేదు, రావాలనుకుంటే ఇప్పుడే రమ్మంది. పెట్టె గురించి ఆమె అడగలేదు.

శేషుడు ప్లేయరు, పెట్టె, రెండూ ఆటోలో వేసుకుని వెళ్లాడు. సామి నులకమంచం మీద ఎండుపుల్లలా ఉన్నాడు. తల తిప్పి శేషుడి చేతులు చూశాడు. ఈసారి గోడ వైపు తిరగలేదు.

శేషుడు బ్లేడుతో ప్లాస్టిక్ కోశాడు. కోస్తుంటే తెలిసింది. పడమటి గోడకు ఆనించిన బీరువాలో, ఆ ఉడుకుకు ప్లాస్టిక్ బిగిసి, అట్టపెట్టె మూలలను లోపలికి లాగేసింది. లోపల ఒక్క రికార్డూ చదునుగా లేదు. ఏడోది వేయించిన అప్పడంలా వంకర తిరిగి ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కి చూశాడు.

రెండో పక్క పైకి వచ్చేలా పెట్టి ముల్లు దించాడు. ఏకతార మోగింది, నీళ్లలో మునిగి తేలుతున్నట్టు. తర్వాత ఒక ఆడగొంతు వచ్చింది, సన్నగా, కొంచెం భయపడుతూ.

"బాడుగింటికి..."

ముల్లు ఎగిరి వెనక్కి పడింది. "బాడుగింటికి..." మళ్లీ ఎగిరి, మళ్లీ అక్కడే పడింది. గౌసియా గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

శేషుడు ముల్లు ఎత్తేశాడు. దుఃఖం ఆగలేదు. ఈ రాత్రికే బెంగుళూరు బస్సెక్కుతానని, ఎంతైనా పోసి ఇంకో పెట్టె తెస్తానని, రెండంటే రెండు రోజులు ఓపిక పట్టమని సామి కాళ్లు పట్టుకున్నాడు. రెండు రోజులు లేవని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

సామి పెదవులు కదిలాయి. ఏమీ వినపడలేదు. శేషుడు వంగి, ఆయన నోటికి చెవి ఆనించాడు.

"ఇప్పుడు దాని వెల ఎంత?"

"చిల్లిగవ్వ చెయ్యదు సామీ."

"అయితే ఇంక భయం లేదు. పెట్టు."

శేషుడు ముల్లు దించాడు. "బాడుగింటికి" అంది మాబున్ని. ముల్లు ఎగిరింది. "సున్నమెందుకే" అని మిగతా మాటను సామి పెదవులు పూర్తి చేశాయి. ఆమె మళ్లీ మొదలుపెట్టింది, ఆయన మళ్లీ పూర్తి చేశాడు. చాలాసేపు అలా సాగింది.

పెదవులు ఆగిపోయాక కూడా శేషుడు ముల్లు ఎత్తలేదు.