తలుపు తాళం వేసి ఉంది

సుందరరామయ్యగారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పరు. ప్రశ్న వినగానే కళ్ళజోడు తుడుచుకుంటారు, కండువా భుజాన వేసుకుని "పద, అలా వెళ్ళొద్దాం" అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆ వకీలుగారి దగ్గర గుమాస్తాగా ఉన్నాను. ఆ 'అలా' ఎంత దూరమో నా మోకాళ్ళకి తెలుసు.

ఆ రోజు అడిగినవాడు ఫణీంద్ర. లా పాసై, నల్లకోటు కొత్తగా కుట్టించుకుని మా దగ్గర జూనియరుగా చేరాడు. "గురువుగారూ, ఇల్లు లేనివాళ్ళ హక్కులకి చట్టంలో రక్షణ ఉందా, లేదా? పుస్తకం చూస్తే ఉన్నట్టుంది, వీధి చూస్తే లేనట్టుంది" అన్నాడు. సుందరరామయ్యగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. నేను గవరమ్మ ఫైలు చంకన పెట్టుకుని చెప్పులు వెతుక్కున్నాను.

గవరమ్మ పార్వతీపురం వైపునుంచి వచ్చిన మనిషి. నాలుగేళ్ళుగా రైలు వంతెన కింద ఉంటూ, చేత్తో తిప్పే కుట్టుమిషను మీద చిరిగిన బడిసంచులు కుడుతుంది, జిప్పులు మారుస్తుంది. బడులు తెరిచే జూన్ నెలే ఆమెకి పంట. ఈసారి సరిగ్గా ఆ నెల మొదట్లోనే మున్సిపాలిటీవాళ్ళు వంతెన కింద శుభ్రం చేస్తామని వచ్చి, ఆమె మూటాముల్లెతో పాటు మిషను కూడా లారీలో పడేసుకుపోయారు. అలా తీసుకెళ్ళిన సామానుకి సొంతదారుకి నోటీసు అందించాలని నిబంధన ఉంది. నోటీసు అందిన వారంలో వచ్చి అడిగితే తిరిగి ఇచ్చేయాలి. ఈవిడ రోజూ వెళ్ళి అడుగుతూనే ఉంది. "నోటీసేదీ, చూపించు" అంటారు. రాని నోటీసు ఎక్కణ్ణుంచి తెచ్చి చూపిస్తుంది? ఈలోగా జూన్ సగం అయిపోయింది.

మేం వెళ్ళేసరికి గవరమ్మ మున్సిపాలిటీ ఆఫీసు మెట్లమీదే ఉంది. నలుగురం ఆఫీసరుగారి గదిలోకి వెళ్ళాం. ఆయన మర్యాదస్తుడే, మాకు కుర్చీలు వేయించాడు. ఫైలు తెరిచి, "మావాళ్ళ తప్పేం లేదండీ. నోటీసు మూడుసార్లు పట్టుకెళ్ళారు. మూడుసార్లూ తలుపు తాళం వేసి ఉంది. మూడుసార్లు వెళితే అందినట్టే లెక్క. గడువు దాటిపోయింది" అన్నాడు.

నేను వంగి ఆ కాగితం చూశాను. చిరునామా దగ్గర 'రైలు వంతెన కింద' అని రాసి ఉంది. కింద అచ్చు వేసిన గడులు మూడు: తీసుకున్నారు, నిరాకరించారు, తలుపు తాళం వేసి ఉంది. ఇల్లే లేదని రాయడానికి నాలుగో గడి లేదు. నోటీసు బంట్రోతు ఏం చేస్తాడు, మూడోదాని మీద టిక్కు పెట్టి, తేదీ వేసి, సంతకం చేశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట. పైన ఇంకో ఇద్దరు అది చదివి, సరేనని సంతకాలు పెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

గవరమ్మకి చదువు రాదు. ఏం రాశారని ఫణీంద్రని అడిగితే, వాడు గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె ఆఫీసరుగారి బల్లకి దగ్గరగా జరిగింది.

"నాకు తలుపున్నాదా బాబూ? అదెక్కడున్నాదో ఓపాలి సూపించండి. నాలుగేళ్ళు వానలో తడిసినాను గానీ, నాకు తలుపున్నాదని ఒక్కరూ సెప్పనేదు."

వెటకారమనుకున్నాను మొదట. ఆమె మొహం చూస్తే నిజంగానే అడుగుతోంది. ఆఫీసరుగారు తల దించుకుని ఆ మూడు టిక్కుల వంక చూశాడు. తరవాత సామాను వెంటనే తిరిగి అప్పగించవలెనని రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. ఫణీంద్ర ఆ కాగితం పట్టుకుని వరండాలోకి గెంతినంత పని చేశాడు. "చూశారా గురువుగారూ! చట్టం పనిచేసింది" అన్నాడు. గురువుగారు మళ్ళీ కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. తుడిచిన కళ్ళజోడే.

సామాన్ల గది ఆఫీసు వెనకాల ఉంది. తలుపుకి పిడికిలంత తాళం. పక్కన కుళాయి దగ్గర టీ గ్లాసులు కడుక్కుంటున్న ప్యూను, స్టోరుకీపరు బావమరిది పెళ్ళికని తాళంచెవితో సహా తుని వెళ్ళాడని, సోమవారం గానీ రాడని చెప్పాడు. అప్పటికి గురువారం.

"ఇంకో తాళంచెవి ఉండదా?" అన్నాను.

"ఎందుకుండదండీ, ఉంది. ఈ గది లోపలే, బీరువాలో ఉంది."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి గుడికి తాళమేసి పెళ్ళికి కూడా పోయాడు. ఫణీంద్ర ఆర్డరు కాగితాన్ని ప్యూను మొహం ముందు ఆడిస్తూ అరిచాడు. ప్యూను చేతులు తుడుచుకుని, పాపం ఓపిగ్గానే, "ఆర్డరు ఉంది సార్, కాదన్నానా? తాళంచెవే లేదు" అన్నాడు.

గవరమ్మ మా మాటలేవీ వినడం లేదు. కిటికీ ఊచల్లోంచి లోపలికి చూస్తోంది. విరిగిన కుర్చీల మీద ఆమె మిషను తలకిందులుగా ఉంది, చక్రానికి తుప్పు పట్టింది. చెయ్యి దూర్చింది గానీ అందలేదు. చంకలోని గోనెపట్టా తీసి ఆ తలుపు ముందు మెట్టుమీద పరుచుకుని కూర్చుంది.

"ఏయ్, ఇక్కడ కూర్చోకూడదు. లెగు. లెగవకపోతే నోటీసు ఇస్తారు!" అన్నాడు ప్యూను.

"అంపించు బాబూ. ఇప్పుడు నాకు తలుపున్నాది. తాళమూ ఉన్నాది."

ప్యూను గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయాడు. ఫణీంద్ర కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. సుందరరామయ్యగారు వాడి వైపు తిరిగి, "పొద్దున్న నువ్వేదో అడిగావు. ఏమిటది?" అన్నారు.

"ఇల్లు లేనివాళ్ళకి చట్టంలో రక్షణ ఉందా అని" అన్నాడు వాడు పళ్ళ బిగువున.

ఆయన వంగి, గవరమ్మ తల పక్కనుంచి, ఆ కిటికీలోకి ఒకసారి చూశారు.

"ఉంది నాయనా. లోపల భద్రంగా ఉంది."