బంతికొండ అమ్మవారు పంక్తిలో కూర్చున్న కథ

మెట్లు ఎక్కి వచ్చిన భక్తులారా, ముందు కాస్త ఆయాసం తీర్చుకోండి. బంతికొండ పెద్ద కొండేమీ కాదు, నూటపది మెట్లే. గుడి కూడా చిన్నదే. గర్భగుడిలో నగలు పెట్టిన విగ్రహం కోసం వెతకకండి. నల్లరాతి పలక మీద పదిహేడు మంది పిల్లలు విస్తళ్ల ముందు వరసగా కూర్చుని కనిపిస్తారు. ఒకడు ముద్ద నోట్లో పెట్టుకుంటున్నాడు. ఒకతె పక్కవాడి విస్తట్లోకి తొంగి చూస్తోంది. ఒక చంటిది అక్క ఒళ్లో ఉంది. వీళ్లలో ఒకరు అమ్మవారు. ఎవరన్నది పూజారిగారికి తెలియదు, వాళ్ల తాతగారికీ తెలియదట. అందుకని రోజూ అందరికీ బొట్టు పెడతారు. వరసగా కూర్చుని తినడాన్ని మన పెద్దలు బంతి అంటారు కదా, కొండకు ఆ పేరు అలా వచ్చింది.

పూర్వం ఇక్కడ పర్ణముని అనే తపస్వి ఉండేవాడు. రోజుకు ఒక్క ఆకు తినేవాడు. చదువుల తల్లి దర్శనం కోసం పన్నెండేళ్లు అలా తపస్సు చేసినా ఆమె కనిపించలేదు. అప్పుడు గురువుగారు కబురు పంపారు: "ఈ కొండ కింది పిల్లలకు అక్షరాలు మొదటి నుంచి చివరి దాకా నేర్పు. ఆ రోజు తల్లి కనబడుతుంది." ఇదెంత పని అనుకున్నాడు ముని. కొండ మీద నేల చదును చేసి, ఇసుక పరిచి, బడి పెట్టాడు.

ఏడాది గడిచింది. ఏ ఒక్క బిడ్డా అచ్చులు దాటలేదు.

ఒకరోజు ఎనిమిది మంది వచ్చేవారు, మర్నాడు ఐదుగురు, అదీ వేరే ఐదుగురు. వచ్చినవాళ్లు కూడా ఎండ నడినెత్తికి రాగానే లేచి రేగుపండ్లకు అడవిలోకి పరుగెత్తేవారు. మర్నాడు మళ్లీ 'అ' దగ్గరే మొదలు. మునికి కోపం వచ్చింది. దారికి అడ్డంగా నిలబడి, "ఆకలిని జయించాలి. నేను గాలి పీల్చి బతికిన రోజులు ఎన్నో ఉన్నాయి" అన్నాడు.

మేకలు కాసే ఓబులి, చంటి చెల్లెలిని చంకనేసుకుని, తల పైకెత్తి చూసింది. "గాలి మా ఇంట్లో కూడా ఉంది సామీ. దానికి ఇంత కొండ ఎక్కల్లా?" అని, ఆయన చేతికింద నుంచి దూరి వెళ్లిపోయింది.

ముని వాళ్ల ఇంటికి దిగి వెళ్లి తల్లిని అడిగాడు, పిల్లను సాయంత్రం దాకా ఎందుకు ఉంచవని. "ఉంచితే మధ్యాహ్నం గంజి ఎవరు పోస్తారు సామీ? మేకల వెంట పోతే నాలుగు కాయలన్నా దొరుకుతాయి" అందామె. ముని వెనుదిరిగాడు. తన తపస్సూ, గురువుగారి మాటా రెండూ ఈ రేగుపండ్ల పాలయ్యాయని దిగులుగా కొండెక్కి, ఖాళీ బడిలో గుంజకు ఆనుకుని, పట్టపగలే కునుకు తీశాడు.

ఆ కునుకులో ఒక గొంతు వినిపించింది. చిన్నపిల్ల గొంతు.

"అయ్యవారూ, నేను రోజూ మీ బడికి వస్తున్నాను. ఆకలేసి లేచి పోతున్నాను."

ముని ఉలిక్కిపడ్డాడు. "తల్లీ! నువ్వా? ఏ బిడ్డవో చెప్పు. నీకు వండి పెడతాను."

"చెప్పను. అందరికీ పెట్టండి" అని నవ్వి ఊరుకుందా గొంతు.

మెలకువ రాగానే ముని కొండ దిగి ఇల్లిల్లూ తిరిగాడు. పెద్దగా ఎవరి దగ్గరా ఏమీ లేదు. అయినా ఒకరు గుప్పెడు కొర్రలు, ఒకరు చారెడు కందిపప్పు, ఇంకొకరు గోంగూర కట్ట ఇచ్చారు. కుమ్మరి వాళ్లు పెద్ద కుండ ఇచ్చారు. మర్నాడు ముని పొయ్యి వెలిగించాడు. ఆకులు తిని బతికిన మనిషి, వంట ఎట్లా వస్తుంది? ఎసరు మరగకముందే కొర్రలు పోసేశాడు. ఆ దారిన పోతున్న గొర్రెల కాపరి సుంకులవ్వ చూసి, నవ్వు ఆపుకోలేక కర్ర పక్కన పడేసింది.

"అదేం వంట సామీ, కొర్రలకు స్నానం చేయిస్తాండావా? జరుగు, జరుగు."

ఆనాటి నుంచి వంట అవ్వది, వడ్డన మునిది. కొండ మీద పొగ లేచిందని తెలిసి పిల్లలు వచ్చారు. ఓబులి చెల్లెలితో సహా వచ్చింది. ఆ చంటిదానికి ముని అక్షరాలు మాత్రం మినహాయించాడు గానీ అన్నం మినహాయించలేదు. పదిహేడు మంది అయ్యారు. మధ్యాహ్నం కడుపునిండా తిని, సాయంత్రం దాకా ఇసుకలో వేళ్లు అరిగేలా దిద్దారు. అచ్చులు అయిపోయి హల్లులు పడ్డాయి. వారం తిరిగేసరికి పిల్లలు ఏదీ మరిచిపోవడం లేదని చూసి ముని ఆశ్చర్యపోయాడు. తెలివి ఉన్నట్టుండి ఎక్కడి నుంచి ఊడిపడిందా అని విస్తుపోయాడు పాపం.

మొదట్లో వడ్డిస్తూ ఒక్కొక్క ముఖాన్నే పరీక్షగా చూసేవాడు. ఈ పెద్ద కళ్ల పిల్లేనా? మూడుసార్లు పప్పు అడిగిన వాడా? ముక్కు కారుతున్న ఈ బుడుగా? కొన్నాళ్లకు వెతకడమే మరిచిపోయి, ఎవరికి ఉప్పు తక్కువైందో చూసుకునేవాడు.

చివరికి ఒకనాటి ఉదయం పిల్లలంతా ఆఖరి అక్షరం దాకా దిద్దేశారు. గురువుగారు చెప్పిన రోజు ఇదేననుకున్నాడు ముని. పద్మాసనం వేసి, కళ్లు మూసుకుని, చేతులు జోడించాడు. ఎంతసేపు గడిచిందో తెలియదు.

"సామీ, పప్పు చల్లారిపోతాంది! వడ్డించవా?" అని ఓబులి కేక పెట్టింది.

ముని కళ్లు తెరిచాడు. ఎదురుగా పంక్తి. విస్తళ్ల ముందు ముఖాలన్నీ తనవైపే చూస్తున్నాయి. ఆయన ఆ వరసను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్కసారి చూసి, తపస్సు ఆసనం మీద నుంచి లేచి గరిటె అందుకున్నాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, నవ్వుతున్నాడు.

"అమ్మ కనబడిందా సామీ?" అని సుంకులవ్వ మెల్లగా అడిగింది.

"కనబడిందవ్వా."

"ఏ పిల్లో నాకన్నా చెప్పు."

"నేనే అడగలేదు. తెలిస్తే గరిటె ఆ పక్కకే వంగుతుంది."

ముని ఆనాడు చూసిన పంక్తినే తర్వాత శిల్పి రాతి మీద చెక్కాడు. ఎవరికీ కిరీటం పెట్టవద్దని ముని గట్టిగా చెప్పాడట.

ఇప్పుడు కొండ కింద పెద్ద బడే ఉంది. వేసవి సెలవులయ్యాక బడి తెరిచే రోజున అక్కడ వంట చేసే అమ్మలు అన్నం గిన్నెలు, గరిటెలు తెచ్చి అమ్మవారి ముందు పెట్టి, పసుపు రాసి తీసుకెళతారు. ఇక్కడ అమ్మవారికి వేరే నైవేద్యం లేదు. పిల్లల బంతి పూర్తయితే ఆమెకు ఆరగింపు అయినట్టే. అక్షరాభ్యాసానికి వచ్చే బిడ్డకు ముందు ముద్ద, తర్వాతే పలక. చదువు అబ్బని పిల్లలకు ఈ బంతిలో తింటే అబ్బుతుందనీ, ఇక్కడి కుండలో గుప్పెడు గింజలు వేసిన ఇంట పొయ్యి ఆరదనీ నమ్మకం. వయసు మీరిందని సిగ్గుపడే పెద్దలు కూడా ఇసుకలో దిద్దుకోవచ్చు, అమ్మ ఏమీ అనదు.

మీరూ బంతిలో కూర్చుని, తిని వెళ్లండి. పక్కన కూర్చున్న పిల్ల ముక్కు చీదినా, మీ విస్తట్లో చెయ్యి పెట్టినా కసురుకోకండి. ఎవరో చెప్పలేం.